పాత జాయింటర్ బాగుచేయడం: రంగు ఆఖర్న, ముందు బల్లల సంగతి

పాత చెక్కపని మెషిన్లు బాగుచేయడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జాయింటర్, అంటే చెక్క ముఖాన్నీ అంచునూ చదునుగా చెక్కే మెషిన్, అనువైనది. ఇందులో తిరిగేది ఒక్కటే, బ్లేళ్లు బిగించిన కట్టర్ హెడ్. దానికి అటో బేరింగు, ఇటో బేరింగు, పైన రెండు పోత ఇనుప బల్లలు, చెక్కను ఆనించి నడిపే ఫెన్స్ ఒకటి, కింద మోటారు. కానీ దీని పనితనమంతా ఆ రెండు బల్లలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండటంలోనే ఉంది. రంగేసి మెరిపించాక బల్లలు కుదరలేదని తెలిస్తే మొత్తం మళ్లీ విప్పాల్సిందే.

కొనేటప్పుడు తుప్పుకు భయపడక్కర్లేదు. పగులు కనిపిస్తే మాత్రం వదిలేయండి. పోత ఇనుముకు వెల్డింగ్ చేయడం ఆరితేరినవాళ్లకే కష్టం, చేసినా వేడికి వంపు తిరగొచ్చు. బల్లలు జారే ఏటవాలు గాడులు, ఫెన్స్ బ్రాకెట్, బోల్టు రంధ్రాల చుట్టూ టార్చి వేసి చూడండి. కట్టర్ హెడ్ గుండ్రంగా ఉండాలి. బాగా పాతకాలపు చదరపు హెడ్డయితే బల్లకీ దానికీ మధ్య సందు పెద్దది, వేలు జారితే లోపలికి లాగేస్తుంది. అలాంటిది చూడ్డానికే గాని వాడకానికి పనికిరాదు. బ్లేడు గార్డు లేకపోతే అది సంపాదించేదాకా మెషిన్ నడపొద్దు. మోటారు మీది ప్లేటు చదవండి. త్రీ ఫేజ్ అని ఉండి మీ దగ్గర సింగిల్ ఫేజే ఉంటే దాన్ని త్రీ ఫేజుగా మార్చి ఇచ్చే వీఎఫ్‌డీ పరికరం పెట్టాలి, లేదా మోటారే మార్చాలి.

విప్పేముందు కరెంటు తీసేసి, అన్నిటికంటే ముందు బ్లేళ్లు ఊడదీయండి. ప్రతి దశలో ఫోటో తీయండి, బోల్టులను విడివిడి కవర్లలో పేరు రాసి పెట్టండి. బల్లల కింద పలచని రేకు ముక్కలు కనిపిస్తే చెత్త అనుకోవద్దు. అవి బల్ల ఎత్తు సరిచేయడానికి పెట్టిన షిమ్ములు, ఏది ఏ మూల ఉందో రాసుకోవాలి.

బిగుసుకుపోయిన బోల్టుకు అసిటోన్, ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సులో పోసే ఏటీఎఫ్ ఆయిల్ చెరిసగం కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. తర్వాత ముందుగా కొంచెం బిగించే వైపు తిప్పి, ఆపైన వదులు చేయండి. పోత ఇనుము మీద సుత్తి దెబ్బ వేస్తే వంగదు, విరుగుతుంది. పుల్లీ రాకపోతే దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే సెట్ స్క్రూ తీసిన రంధ్రంలోకి టార్చి వేయండి. చాలాచోట్ల ఒకదాని కింద ఇంకో స్క్రూ దాగి ఉంటుంది. అది తీయకుండా పుల్లర్ బిగిస్తే పుల్లీ అంచు విరిగి చేతికొస్తుంది.

బేరింగులు బాగున్నట్టే తిరిగినా మార్చేయండి, లోపలి గ్రీజు ఏనాడో గట్టిపడి ఉంటుంది. పాతదాని మీద నంబరు ఉంటుంది. 6203 అంటే లోపలి రంధ్రం 17 మి.మీ., బయటి వ్యాసం 40, మందం 12. 6204 అయితే 20, 47, 14. రెండు వైపులా రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ రకం తీసుకుంటే రంపపు పొట్టు లోపలికి పోదు. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి, దానికి సరిపోయే పైపు ముక్క వాడండి. బయటి రింగు మీద కొడితే దెబ్బ గుండ్ల మీదుగా పోయి దారిలో గుంటలు పడతాయి, కొత్త బేరింగే గరగరమంటుంది. షాఫ్టును ఫ్రీజర్లో పెట్టి, బేరింగును సుమారు 80 డిగ్రీలకు వేడిచేస్తే దాదాపు దానంతటదే జారుతుంది. గుండ్ల బేరింగులకు బదులు తెల్ల లోహం పోసిన బాబిట్ బేరింగులు ఉండి, ఉపరితలం నున్నగా ఉంటే కదిలించకండి. వాటికి గ్రీజు కాదు, నూనె పోయాలి.

తుప్పు విషయంలో తొందరపడితే బల్ల పాడవుతుంది. బ్లేడు పెట్టి పైపెచ్చు గీకి, కిరోసిన్ చుక్కలు వేసి, చదునైన చెక్కకు చుట్టిన 320 నంబరు ఎమరీ కాగితంతో చేత్తోనే రుద్దాలి. గ్రైండరు పెట్టారో, గుంటలు ఖాయం. మచ్చలు మిగిలితే మిగలనివ్వండి, చెక్కకు వాటితో పనిలేదు. చిన్న ఇనుప భాగాలను లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొన్ని గంటలు నానబెట్టి, వంట సోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పూయండి. ఆలస్యం చేస్తే చూస్తుండగానే మళ్లీ ఎర్రబడతాయి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దొద్దు, రంగు కరిగించే రసాయనం పూసి తడిగానే గీకండి. కొత్త రంగు జారే గాడుల మీద, బోల్టులు కూర్చునే చోట పడనివ్వొద్దు. ఆ పొర మందమే బల్లను ఎత్తేస్తుంది.

ఇక అసలు పని. చెక్క ఎక్కే వైపుది ముందు బల్ల, దిగే వైపుది వెనక బల్ల. గాడుల్లో బల్ల ఊగకుండా పట్టి ఉంచే పట్టీల (జిబ్‌ల) స్క్రూలు బిగించి, రెంటినీ ఒకే ఎత్తుకు తెచ్చి, రెండు బల్లల మీదా పడేంత పొడవైన స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకరలేని లోహపు పట్టీ) పెట్టండి. రెండు అంచుల వెంబడి, ఐమూలగా కూడా చూసి, 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) ఎక్కడ దూరుతుందో గుర్తుపెట్టండి. ఎక్కువగా కనిపించే తప్పు బల్ల బయటి కొస కిందికి వాలడం. గాడులు, జిబ్‌లు అరగడమే కారణం. మొదట జిబ్‌లు సరిచేయండి. అప్పటికీ వాలితే గాడి కింది చివర, అంటే బయటి వైపున, ఇత్తడి షిమ్ పెట్టి మళ్లీ కొలవండి. కాగితం షిమ్ ఒత్తిడికి నలిగిపోతుంది, ఎంత మందం కావాలో తేల్చుకునేదాకానే పనికొస్తుంది. ఒక మూల సరిచేస్తే ఇంకో మూల కదులుతుంది. ఇక్కడ ఒక పూట పోయినా అది వృథా కాదు.

మోటారు తీగల తొడుగు పొడిపొడిగా రాలుతుంటే కొత్త తీగలు, ఎర్త్ వేయించండి. కరెంటు పోయి వచ్చినప్పుడు మెషిన్ దానంతటది మొదలుకాని నో వోల్ట్ స్విచ్ పెట్టండి. 1440 ఆర్‌పీఎం మోటారుకు 150 మి.మీ. పుల్లీ, హెడ్డుకు 50 మి.మీ. పుల్లీ ఉంటే హెడ్డు 4320 తిరుగుతుంది. తయారీదారు చెప్పిన గరిష్ఠ వేగం దాటకూడదు. బ్లేళ్లు పెట్టకముందే తిప్పి చూడండి: హెడ్డు పైభాగం మీ చెక్క వచ్చే వైపుకే తిరగాలి.

మళ్లీ ప్లగ్ తీసి బ్లేళ్లు బిగించండి. వెనక బల్ల మీద వంకరలేని చెక్కపుల్లను పడుకోబెట్టి హెడ్డును చేత్తో తిప్పితే, ప్రతి బ్లేడూ రెండు చివర్లా పుల్లను ఒకే దూరం, సుమారు 3 మి.మీ., ముందుకు లాగాలి. బోల్టులు ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో బిగించండి. బల్లకు మైనం రాయండి. సిలికాన్ ఉన్న పాలిష్ వాడితే తర్వాత ఆ చెక్క మీద వార్నిష్ పట్టదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పక్కకు నిలబడండి, చేతికి గ్లౌజులు వద్దు. తర్వాత మెత్తటి చెక్క నడిపి చూడండి. చెక్క ఆఖర్న గుంట పడితే వెనక బల్ల బ్లేడు కన్నా కిందుంది. చెక్క వెళ్లి వెనక బల్ల అంచుకు తగిలి ఆగిపోతే అది పైకుంది. రెండు ముక్కల అంచులు జోడిస్తే మధ్యలో వెలుతురు కనిపిస్తోందంటే బల్లల కొసలు ఇంకా వాలే ఉన్నాయి, షిమ్ముల దగ్గరికి మళ్లీ వెళ్లాలి.