కోపం పొంగినప్పుడు ఏం చేయాలి? పతంజలి వరస, థెరపీ పద్ధతి

దాళ్వా (రెండో పంట) నీటి వంతు రోజున శివారు చేలోకి నీళ్ళు రాలేదు. "పై చేనాయన కావాలనే బోదెకి (పిల్లకాలువకి) అడ్డం కట్టాడు" అని ఒళ్ళు మండిపోతుంది. ఆ మంటలో ఉన్నవాడికి హితబోధ ఎక్కదండి. ఎందుకెక్కదో పతంజలి యోగసూత్రాల్లోనే ఉంది. అందులో రెండో అధ్యాయం సాధనపాదం. దాని 4వ సూత్రం క్లేశాలకి, అంటే ద్వేషంలాగా మనసుని బాధపెట్టేవాటికి, నాలుగు దశలు చెబుతుంది: నిద్రాణంగా ఉండటం, పలచబడటం, ఆగి ఆగి రావడం, పూర్తిగా పొంగడం. పొంగినప్పుడు ఒంటితో పని, పలచబడ్డాకే ఆలోచనతో పని. చాలామంది ఈ వరసని తిరగేస్తారు.

1. కోపానికి 0 నుంచి 10 లోపు మార్కు వేయండి. 7 దాటితే వాదన వద్దు, ఫోన్ వద్దు, బోదె గట్టు మీదికి అసలే వద్దు.

2. కూర్చుని ముక్కుతో 4 అంకెలు పీల్చి, 6 అంకెలు లెక్కిస్తూ వదలండి. 5 నిమిషాలు చాలు. తల తిరిగితే మరీ లోతుగా పీలుస్తున్నట్టు, ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతోంది. పీల్చడం తగ్గించండి. కుంభకం (ఊపిరి బిగబట్టడం) వద్దు, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి మరీను. కళ్ళు మూస్తే పాత భయాలు ముసురుకునేవాళ్ళు కళ్ళు తెరిచే చేయాలి.

3. మార్కు 4కి దిగాక కాగితం మీద మూడు గడులు గీయండి. జరిగింది: నీళ్ళు రాలేదు. అనుకున్నది: కావాలనే కట్టాడు. ఋజువు: అడ్డుకట్ట కళ్ళతో చూశానా? తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుందా? కాలువలోనే మట్టం తగ్గిందా? 1960ల్లో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలో ముఖ్యమైన పని ఇదే. పొరపాటు జరిగేదీ ఇక్కడే: "నన్ను లోకువ చేశాడు" అన్నదాన్ని మొదటి గడిలో రాసేస్తారు. అది రెండో గడిది.

4. ఇప్పుడు అదే సాధనపాదం 33వ సూత్రంలోని ప్రతిపక్షభావన, అంటే చెడు ఆలోచనకి ఎదురు ఆలోచన. దీన్ని "మంచిగా అనుకోవడం" అని కుదించేశారు గానీ, 34వ సూత్రం చేయమనేది ఫలితం లెక్క: ఈ ఆలోచన వెంట పోతే ఎంత దుఃఖం? గొడవ, స్టేషను, వచ్చే సార్వాకీ మాటల్లేకపోవడం. మనస్తత్వవేత్త మార్షా లీనహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ)లో "వ్యతిరేక చర్య", అంటే కోపం చేయమన్నదానికి తిరగేసి చేయడం, దీనికి దగ్గర చుట్టం. కాకపోతే దానికో షరతు ఉంది: కోపం వాస్తవానికి సరిపోనప్పుడో, కోపంతో చేసే పని మేలు చేయనప్పుడో వాడాలి. డెక్కే అడ్డమని తేలితే పై చేనాయన్ని పిలిచి ఇద్దరూ కలిసి తీయండి. నిజంగానే కట్ట వేసి ఉంటే లష్కరుకి (కాలువ నీళ్ళు చూసే ఉద్యోగికి), నీటి సంఘానికి చెప్పండి. ఉపేక్ష పేరుతో అన్యాయాన్ని మింగి కూర్చోమని పతంజలి అనలేదు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఈ మెట్లతో కాలయాపన చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.