మీ సిటీలో డెంగ్యూ లెక్కలు చదవడం ఎలా

"పోయిన నెల కంటే ఈ నెల డెంగ్యూ కేసులు డబుల్" అని వార్త చూడగానే కంగారు పడకండి, వానలు మొదలయ్యాక ప్రతి ఏడూ పెరిగేవే అవి. పోల్చాల్సింది పోయిన నెలతో కాదండీ, పోయిన ఏళ్లలో ఇదే వారంతో.

కనీసం ఐదేళ్ల కేసులు వారాల వారీగా ఎక్సెల్‌లో వేసుకోండి, పదేళ్లవి దొరికితే ఇంకా మంచిది. ఒక్కో వారానికి ఆ ఏళ్లన్నిటి మీడియన్ తీయండి (అంకెల్ని చిన్న నుంచి పెద్దకి వరసగా పెడితే నడిమధ్యలో వచ్చేది), సగటు మాత్రం వద్దు, ఒక్క ఏడాది కేసులు విరగబడితే చాలు సగటు మొత్తం పైకి పోతుంది. ఆ గీత మీద ఈ ఏడాది గీత వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆఖరి రెండు మూడు వారాలు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తాయి, రిపోర్టులు ఇంకా వస్తూ ఉంటాయి కాబట్టి, అది చూసి తగ్గిపోయిందనుకోవద్దు.

తర్వాత వాన. ఈ వారం వానని ఈ వారం కేసులతో కలిపి చూస్తే ఏమీ అర్థం కాదు. గుడ్డు దోమ అవ్వడానికి వారం పది రోజులు, ఆ దోమ పేషెంట్‌ని కుట్టాక వైరస్ దాని ఒంట్లో పెరగడానికి 8 నుంచి 12 రోజులు, అది ఇంకొకరిని కుట్టాక జ్వరం బయటపడడానికి 4 నుంచి 10 రోజులు, అంటే ఒక్క రౌండ్‌కే మూడు నాలుగు వారాలు పోతాయి, కేసులు కుప్పలుగా రావాలంటే ఇలాంటి రౌండ్లు కొన్ని తిరగాలి. అందుకే వాన గీతని కుడివైపుకి 4 వారాలు, 8 వారాలు, 12 వారాలు అలా జరిపి చూడండి, ఎక్కడ కుదురుతుందో సిటీని బట్టి మారుతుంది. వానే లేకపోయినా కేసులు రావచ్చు, కుళాయి నీళ్లు సరిగ్గా రాక జనం డ్రమ్ముల్లో పట్టుకుంటే డెంగ్యూని మోసే ఈడిస్ దోమకి అదే చాలు.

ఇక ఒక ఏడాది నార్మల్‌గా పోయి ఇంకో ఏడాది ఎందుకు పేలుతుంది అంటే, నా దృష్టిలో ముందు చూడాల్సింది సీరోటైప్, అంటే వైరస్ రకం. డెంగ్యూ వైరస్‌లు నాలుగు రకాలు, ఒక రకం వచ్చి తగ్గితే దాని మీదే గట్టి ఇమ్యూనిటీ, మిగతా మూడింటి మీద కొన్నాళ్లే. జనానికి అలవాటైన రకం పోయి ఇంకోటి ఎక్కువైతే గ్రాఫ్ లేస్తుంది. సింగపూర్‌లో 1970ల నుంచే దోమల మీద గట్టిగా పనిచేస్తున్నారు, అయినా 2005లో 14 వేలు, 2013లో 22 వేలు, 2020లో 35 వేలు దాటాయి కేసులు. 2013లో అయితే టైప్ 2 స్థానంలోకి టైప్ 1 వచ్చింది. పైగా దోమలు తగ్గి ఏళ్ల తరబడి చాలామందికి డెంగ్యూ రాలేదు కాబట్టి ఇమ్యూనిటీ ఉన్నవాళ్లూ తక్కువే.

వయసుల లెక్క దొరికితే అదీ చూడండి, చిన్నపిల్లల నుంచి పెద్దవాళ్ల వైపు జరుగుతోందా అని, అలా అయితే చిన్నప్పుడు డెంగ్యూ రాకుండానే పెద్దయినవాళ్లు ఎక్కువయ్యారనుకోవచ్చు.

ఫాగింగ్ వల్ల తగ్గింది అని ఎవరైనా అంటే మాత్రం తేదీ అడగండి. మామూలుగా కేసులు బాగా పెరిగాకే మిషన్లు బయటికి వస్తాయి, అప్పటికి సీజన్ ఎలాగూ దిగడం మొదలవుతుంది. మీడియన్ గీత కంటే త్వరగా దిగితేనే ఆ మాట కాస్త నమ్మొచ్చు.