పాత ఇంక్‌జెట్‌ను నలుపు-తెలుపు ఇంకులకు మార్చే ముందు

ఇంక్‌జెట్ ప్రింటర్‌లోని రంగు ఇంకులన్నీ తీసేసి, ముదురు నలుపు నుంచి లేత బూడిద వరకు మెట్లుమెట్లుగా పలచబడే ఇతర కంపెనీల ఇంకులు నింపుకొని నలుపు-తెలుపు ఫొటోలు వేసుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. జాన్ కోన్ రూపొందించిన పీజోగ్రఫీ వీటిలో బాగా పేరున్నది. తాతల నాటి స్టూడియో ఫొటోను ఇలా మళ్లీ అచ్చు వేస్తే పంచె మడతల్లోని నీడలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అయితే ఒకసారి మార్చిన ప్రింటర్‌ను తిరిగి రంగులకు తేవడం కష్టం కాబట్టి, రోజూ వాడుకునే ప్రింటర్‌ను ఈ పనికి పెట్టకండి.

మార్పు నిజంగా అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. 2005లో వచ్చిన ఎప్సన్ కే3 ఇంకుల్లో నలుపుతో పాటు రెండు లేత నలుపులు ఉన్నాయి. అలాంటి ప్రింటర్ ఉన్నవారు దాని డ్రైవర్‌లోని (ప్రింటర్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లోని) నలుపు-తెలుపు పద్ధతిలో నాలుగు ఫొటోలు వేసి చూసి, అవి చాలవనిపించినప్పుడే ముందుకు వెళ్లడం మంచిది. వారంటీ మిగిలి ఉంటే, బయటి ఇంకు వల్ల పాడైన హెడ్‌ను (ఇంకు చిమ్మే భాగాన్ని) ఉచితంగా బాగుచేయరని ముందే అనుకోవాలి. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ దానంతటదే అప్‌డేట్ కాకుండా ఆపేయాలి, ఎందుకంటే కొన్ని అప్‌డేట్ల తర్వాత బయటి కార్ట్రిడ్జ్‌ల చిప్‌లను ప్రింటర్ గుర్తించదు.

ఇంకు కొనేటప్పుడు అది కార్బన్ పిగ్మెంటా (ద్రవంలో తేలే సన్నని నల్ల పొడి), డైయా (ద్రవంలో కరిగిపోయే రంగు) అని తప్పక అడగండి. చవకగా దొరికే డై నలుపు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. కార్బన్ నిలుస్తుంది కానీ చాలా కాగితాల మీద కాస్త గోధుమ ఛాయలో కనిపిస్తుంది. ఆ ఛాయను తగ్గించడానికి కలిపే రంగు పిగ్మెంట్లు కార్బన్ అంత కాలం నిలవవు.

ఎక్కువమంది తొందరపడేది హెడ్ విషయంలోనే. ఎప్సన్‌లో హెడ్ ప్రింటర్‌లోనే ఉండిపోతుంది, కార్ట్రిడ్జ్‌తో మారదు. పాత ఇంకుతోనే నాజిల్ చెక్ (హెడ్‌లోని సన్నని రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల పరీక్ష) వేసి, ఒక్క గీత కూడా తెగకుండా వచ్చాకే కొత్త ఇంకు ముట్టుకోవాలి. లేకపోతే ముందునుంచే మూసుకుపోయిన రంధ్రానికి కొత్త ఇంకును తప్పుపడతాం. డై, పిగ్మెంట్ ఇంకులు గొట్టాల్లో కలిస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కనుక, మధ్యలో ఒక విడత శుభ్రపరిచే ద్రవం నింపి హెడ్‌ను కడగాలి. ఏ బూడిద ఇంకు ఏ రంగు కార్ట్రిడ్జ్ గదిలోకి వెళ్లాలో సీసా మీదా కార్ట్రిడ్జ్ మీదా రాసుకోండి, పొరపాటున మారితే ఆ దారంతా మళ్లీ కడగాల్సి వస్తుంది. నింపాక కార్ట్రిడ్జ్ గాలిరంధ్రం మీది బిరడా తీయడం మరవకండి. బుడగలు తేలేందుకు ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చెక్ వేయండి. లేత బూడిద గీతలు కంటికి ఆనవు, భూతద్దం పెట్టి చూడాలి. గీత తెగితే ప్రింటర్‌లోని హెడ్ శుభ్రపరిచే పద్ధతిని వరసగా రెండు మూడుసార్లకు మించి నడపకుండా కొన్ని గంటలు ఆగడం మేలు, ఎందుకంటే ప్రతిసారీ వృథా ఇంకు, దాన్ని పీల్చుకోవడానికి ప్రింటర్‌లో ఉండే మెత్తలోకి పోయి అది నిండుతుంది.

మామూలు డ్రైవర్‌తో అచ్చు వేయకండి: సయాన్ (నీలి రంగు) గదిలో బూడిద ఇంకు ఉందని దానికి తెలియదు, ఛాయలన్నీ తప్పుతాయి. రాయ్ హారింగ్టన్ తయారుచేసిన క్వాడ్‌టోన్ రిప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో, మీ ఇంకుకూ మీ కాగితానికీ సరిపోయే కర్వ్ (ఏ ఛాయకు ఏ ఇంకు ఎంత వేయాలో చెప్పే ఫైల్) ఎంచుకోవాలి. మ్యాట్ నలుపును (మెరుపు లేని కాగితాల కోసం చేసిన నల్ల ఇంకును) నిగనిగలాడే కాగితం మీద వేస్తే పట్టుకోదు, వేలు తగిలితే చెదిరిపోతుంది.

మన ప్రాంతాల్లో వేసవి దీనికి గడ్డుకాలం. 40 డిగ్రీలు దాటే ఎండలో, ఫ్యాను కింద పెట్టిన ప్రింటర్‌లో ఇంకు త్వరగా ఆరిపోతుంది, పిగ్మెంట్ అడుగుకు దిగుతుంది. వారానికొకసారి కార్ట్రిడ్జ్‌లను మెల్లగా అటూ ఇటూ వంచి ఒక చిన్న ముక్క అచ్చు వేయండి. గోడ స్విచ్‌తో ఎప్పుడూ ఆపకండి. ప్రింటర్ బటన్‌తో ఆపితేనే హెడ్ తన మూత మీదికి వెళ్లి కూర్చుంటుంది. అచ్చు మధ్యలో కరెంటు పోయినా హెడ్ బయటే ఉండిపోతుంది కాబట్టి యూపీఎస్ పెట్టుకోవాలి, లేదంటే కరెంటు రాగానే ప్రింటర్‌ను ఒకసారి ఆన్ చేసి దాని బటన్‌తోనే మళ్లీ ఆపాలి.