చేతి ఎకోలో ఏఐ చెప్పిన ఈఎఫ్: ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు మళ్లీ తీయాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చిన్న ఆసుపత్రుల్లో గుండె డాక్టరు రోజూ దొరకరు. డ్యూటీ డాక్టరే చేతిలో ఇమిడే ప్రోబ్‌తో ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీసి, రోగిని బరంపురమో విశాఖో పంపాలా, ఇక్కడే మందులు మొదలుపెట్టాలా అని తేల్చాలి. ఎడమ జఠరిక తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో చెప్పే అంకె ఈఎఫ్. ఏఐ దాన్ని క్షణాల్లో ఇస్తుంది. చిత్రం సరిగ్గా లేకపోతే తప్పు అంకె కూడా అంతే వేగంగా ఇస్తుంది.

రోగిని ఎడమ పక్కకు తిప్పి, ఎడమ చెయ్యి తల కింద పెట్టించండి. జెల్ ధారాళంగా రాసి, గుండె కొన కొట్టుకునే చోట ప్రోబ్ ఆనించి నాలుగు గదుల వ్యూ తెచ్చుకోండి. ఊపిరి వదిలి బిగబట్టమనాలి. సవర, కొండ్ రోగులకు ఆ మాట వాళ్ల భాషలో చెప్పే మనిషి పక్కనుంటే పని సగం తేలికవుతుంది. కనీసం మూడు గుండె స్పందనలు రికార్డు చేసి, ప్రోబ్‌ను సుమారు 60 డిగ్రీలు అపసవ్యంగా తిప్పి రెండు గదుల వ్యూ తీయండి.

ఎక్కువగా పొరపాటు జరిగేది కొన దగ్గరే. అసలు కొన పలచగా ఉంటుంది, పెద్దగా కదలదు. గుండ్రంగా, మందంగా, లోపలికి గట్టిగా కదులుతూ కనిపిస్తే జఠరికను అసలు కొన గుండా కాకుండా ఏటవాలుగా కోసి చూస్తున్నట్టే. ఈఎఫ్ ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. ప్రోబ్‌ను ఒక పక్కటెముక కిందికి, కాస్త బయటికి జరపండి. రెండు వ్యూల్లో జఠరిక పొడవు 10 శాతానికి మించి తేడా వస్తే మళ్లీ తీయాల్సిందే. ఏఐ గీసిన గీత గోడ లోపలి అంచు మీదే నడిచిందా, పాపిల్లరీ కండరాలను (వాల్వును పట్టి ఉంచే చిన్న కండరాలను) గదిలోనే కలిపిందా చూడండి. నాడి క్రమం తప్పితే (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ఐదు స్పందనల సగటు తీసుకోవాలి.

ఈఎఫ్ 40 లేదా అంతకు తక్కువైతే గుండె వైఫల్యానికి నాలుగు రకాల మందులు ఆలోచించాలి. బీపీ, క్రియాటినిన్, పొటాషియం చూశాకే ఎవరికి ఏది, ఎంత డోసు అన్నది. సరైన మోతాదులో మూడు నెలలు వాడాక, అదే యంత్రంతో మళ్లీ కొలవండి. అప్పటికీ 35 దాటకపోతే ఐసీడీ (ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చే, ఒంట్లో అమర్చే పరికరం) అవసరమా అని కార్డియాలజిస్టును అడగాలి. ఐదు పాయింట్ల తేడా కొలతలోనే రావచ్చు, దానికే మందు మార్చకండి.

ఈ ప్రాంతంలో ఇంకో జాగ్రత్త అవసరం. రుమాటిక్ జబ్బుతో మైట్రల్ వాల్వు సన్నబడినవారికి ఈఎఫ్ 60 ఉండి కూడా ఆయాసం ఉంటుంది. సికిల్ సెల్ రోగుల్లో ఊపిరితిత్తుల రక్తపోటు పెరిగినా ఈఎఫ్ మామూలుగానే కనిపిస్తుంది. ఆయాసం ఉంటే, ముఖ్యంగా గర్భిణికి, అంకె బాగుందని ఇంటికి పంపకండి. డాప్లర్ (రక్తం పారే వేగాన్ని కొలిచే ఎకో) ఉన్న చోటికి పంపండి.

పంపేటప్పుడు కాగితం ఒక్కటే ఇస్తే అవతలివాళ్లు మళ్లీ మొదలుపెట్టాలి. క్లిప్పులు, కొలిచిన పద్ధతి, ఆనాటి బీపీ, నాడి జతచేయండి. ఒడియా, తెలుగు కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో సరిచూడండి. చేతి యంత్రానికీ పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి; ఇష్టమొచ్చినట్టు ఊళ్లకు తిప్పడానికి చట్టం ఒప్పుకోదు.