హైదరాబాద్ మిద్దె మీద లావెండర్

లావెండర్ మొక్క కొనాలనుకుంటే శ్రావణంలో కొనకండి. దసరా దాటి, వానలు పూర్తిగా వెనకపట్టాక, దీపావళికి అటూ ఇటూగా నర్సరీకి వెళ్ళండి. అప్పటినుంచి ఫిబ్రవరి చివరిదాకా మన దగ్గర రాత్రులు చల్లగా ఉంటాయి, గాలి పొడిగా ఉంటుంది, ఎండకు లోటుండదు. దవనం బాగా వచ్చే రోజులే దీనికీ మంచి రోజులు. ఆ నెలల్లో వేళ్ళు గట్టిపడిన మొక్క వేసవిని తట్టుకుంటుంది.

మా నాగోలు మిద్దె తోటకి వచ్చినవాళ్ళంతా "ఇంత ఎండకి ఎలా ఆగుతోందండీ?" అని అడుగుతారు. ఎండంటే దానికి ప్రాణం. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రాతి గుట్టల్లో, సున్నపు నేలల్లో పుట్టిన మొక్క అది. అక్కడ వేసవిలో చినుకు ఉండదు, వానంతా చలికాలంలోనే. మనకేమో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వేడీ తడీ కలిసి వస్తాయి. ఆ రెండూ కలిసినప్పుడే వేరు కుళ్ళుతుంది.

రకం చూసి తీసుకోండి. పొట్లం మీద ఊదారంగు పొలాల బొమ్మ ఉండే విత్తనాలు చాలావరకు ఇంగ్లిష్ లావెండర్‌వి. జమ్మూలో దోడా జిల్లా భదర్వా రైతులు కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడిపే సుగంధ మొక్కల పథకం అరోమా మిషన్ కింద పండిస్తున్నది ఆ రకమే. అక్కడ మంచు కురుస్తుంది. హైదరాబాద్‌లో దానికి చాలినంత చలి దొరకదు కాబట్టి ఆకులతో సరిపెట్టుకోవాలి. ఇక్కడికి నేను చెప్పేది డెంటాటా అనే రకం. నర్సరీల్లో ఫ్రెంచ్ లావెండర్ అంటారు. ఆకు అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి, నలిపితే కాస్త కర్పూరం వాసన కలిసి వస్తుంది. సన్నగా చీలిన ఆకులుండే మల్టిఫిడా అనే ఇంకో రకం విత్తనం నుంచి కూడా సులువుగా వస్తుంది, బాగా పూస్తుంది, కానీ ఆ వాసన లావెండర్ వాసన అనిపించదు. విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోత ఎక్కువ కాబట్టి అక్కడివాళ్ళు డెంటాటాతోనే మొదలుపెట్టడం మేలు.

కుండీ మట్టిదే కావాలి, పది పన్నెండు అంగుళాలది, అడుగున చిల్లు పెద్దదిగా ఉండాలి. మట్టి కుండీ గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, గరుకు ఇసుక రెండు పాళ్ళు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, ఒక గుప్పెడు కోడిగుడ్డు పెంకుల పొడి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేయొద్దు. నర్సరీ మొక్క వేళ్ళ చుట్టూ ఉన్న కోకోపీట్‌ని కూడా వేళ్ళు తెగకుండా వీలైనంత రాల్చండి. అది లోపల తడిని పట్టి ఉంచుతుంది, పైన మట్టి ఆరినట్టే కనిపిస్తుంది. మొక్క మొదలు మట్టికి కాస్త ఎత్తులో ఉండేలా నాటి, చుట్టూ సన్న కంకర పరవండి. ఇక ఎరువుల జోలికి వెళ్ళకండి. బలం ఎక్కువైతే ఆకు మెత్తబడి పువ్వు తగ్గుతుంది.

నీళ్ళ సంగతి అన్నిటికంటే ముఖ్యం. లావెండర్ తులసి కుటుంబానిదే, కానీ తులసికి పోసినట్టు రోజూ చెంబుడు నీళ్ళు పోస్తే బతకదు. వేలు రెండు కణుపుల లోతుకి దించి చూడండి. పొడిగా తగిలితేనే పోయండి, పోసినప్పుడు అడుగునుంచి కారేదాకా పోయండి, ఆకుల మీద మాత్రం పడనీయకండి. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిందంటే వేరు కుళ్ళుతోందని అర్థం. చాలామంది దాహమనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు, దాంతో అది అయిపోతుంది. అలాంటప్పుడు పైన పచ్చగా మిగిలిన కొమ్మల్ని వెంటనే కటింగ్స్‌కి, అంటే గుచ్చి వేళ్ళు పట్టించడానికి, తీసుకోండి.

వానాకాలంలో కుండీని ఇటుకల మీదకెక్కించి, పైన వాన పడని, నాలుగువైపులా గాలి ఆడే చోట పెట్టండి. ఇంట్లోకి మాత్రం తేవద్దు, వెలుతురు చాలదు. కింద నల్లబడిన ఆకుల్ని ఎప్పటికప్పుడు తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ ఇవ్వండి. స్లాబు వేడి తగలకుండా కుండీ స్టాండు మీద ఉండాలి.

పూత అయిపోగానే కొమ్మల్ని మూడోవంతు కత్తిరించండి. ఆకులున్న పచ్చ భాగంలోనే కత్తెర పడాలి, గోధుమరంగు కర్రలోకి కోస్తే అక్కడినుంచి మళ్ళీ చిగురు రావడం కష్టం. మనసొప్పక కత్తిరించకుండా వదిలేసిన మొక్క రెండు మూడేళ్ళకే మొదలంతా కర్రదేరి మధ్యలో విడిపోతుంది.

అందుకే నవంబర్‌లోనే పూమొగ్గ లేని లేత కొమ్మలు నాలుగంగుళాలు కోసి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. నెల నెలన్నరలో వేళ్ళు వస్తాయి. ఒకటి ఉంచుకుని మిగతావి పక్కింటివాళ్ళకివ్వండి. వానాకాలంలో మీ మొక్క పోయినా, వాళ్ళ మిద్దె మీది మొక్క నుంచి మళ్ళీ కొమ్మ తెచ్చుకోవచ్చు.