నెత్తి మంట, దురద, పలచబడే జుట్టు: ముందు చర్మాన్ని చూడండి

జుట్టు రాలుతోందని చెప్పగానే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న "తలకు నూనె పెడుతున్నావా, లేదా?" అని. నెత్తి ఎర్రబడి, పొట్టు రాలుతూ, దురద పెడుతున్న మనిషికి ఆ సలహా తరచుగా మేలు కన్నా కీడే చేస్తుంది. రాలే వెంట్రుకను లెక్కపెట్టేముందు అది మొలిచే చర్మం ఎలా ఉందో చూడాలి. పగటి వెలుతురులో కూర్చుని, ఇంట్లో ఎవరి చేతనైనా పాపిడి తీయించి ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయించుకోండి. పొట్టు ఉందా, ఎరుపు ఉందా, చీము పొక్కులున్నాయా, చర్మం నున్నగా మెరుస్తోందా? కింద చెప్పేదంతా ఆ ఫొటోలను బట్టే.

జిడ్డుగా, పసుపు రంగు పొట్టు. దురద. కనుబొమల్లో, ముక్కు పక్కన కూడా అదే పొట్టు

ఎక్కువ మందికి ఉండేది ఇదే. డాక్టర్లు సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు, మనం ముదిరిన చుండ్రు అనుకోవచ్చు. మలాసీజియా అనే ఫంగస్ అందరి చర్మం మీదా ఉంటుంది. చర్మం నుంచి ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డును విరగ్గొట్టినప్పుడు బయటపడే ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు, అక్కడ వాపు మొదలవుతుంది. వారానికి మూడుసార్లు పట్టించే నూనె ఆ ఫంగస్‌కు అదనపు మేత. నెల్లూరు ఉక్కపోతలో చెమటతో తడిసిన తల మీద హెల్మెట్ పెట్టుకుని తిరిగేవాళ్లకు దురద ఇంకా ఎక్కువ.

దీనివల్ల జుట్టు పలచబడుతుందా అంటే, కొంత అవును. వాపున్న చోట వెంట్రుక పెరిగే దశ త్వరగా ముగిసి రాలే దశకు వెళ్లిపోవచ్చు. గోళ్లతో గీకడం వల్ల విరిగేది వేరే. అయితే కుదురు చచ్చిపోదు. వాపు తగ్గితే జుట్టు తిరిగి వస్తుంది, కాకపోతే నెలలు పడుతుంది.

మందు: 2 శాతం కీటోకోనజోల్ షాంపూ, వారానికి రెండుసార్లు, నాలుగు వారాల పాటు. చాలామంది దీన్ని మామూలు షాంపూ మాదిరి జుట్టుకు రుద్ది వెంటనే కడిగేసి, పనిచేయలేదంటారు. మందు పట్టాల్సింది చర్మానికి. వేలి కొసలతో నెత్తికి పట్టించి, అయిదు నిమిషాలు ఉంచి అప్పుడు కడగాలి. తగ్గాక కూడా వారానికో పది రోజులకో ఒకసారి వాడుతుండాలి. ఇది అదుపులో ఉండే జబ్బే తప్ప, ఒక్కసారి వాడితే శాశ్వతంగా పోయేది కాదు. ఆ నెల రోజులూ నూనె మానేయండి. మానలేకపోతే తలస్నానానికి గంట ముందు కొసలకు మాత్రం రాసుకోండి. కుంకుడుకాయ జిడ్డు తీస్తుంది గానీ ఫంగస్ మందుకు బదులు కాదు. నిమ్మరసం అయితే ఎర్రబడ్డ నెత్తిని ఇంకా మండిస్తుంది.

మోచేతులు, మోకాళ్ల మీద కూడా వెండి రంగు మందపాటి పొలుసులుంటే అది సొరియాసిస్ కావచ్చు. దానికి ఈ షాంపూ ఒక్కటే చాలదు.

పొట్టు లేదు, ఎరుపు లేదు. కానీ దువ్వెన నిండా జుట్టు, బోరు నీళ్ల మీద అనుమానం

కనిగిరి, పొదిలి వైపు ఏ జబ్బు వచ్చినా నీళ్లనే తిడతారు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు కాబట్టి అందులో అన్యాయమేమీ లేదు. కానీ ఫ్లోరైడ్ దెబ్బతీసేది పళ్లను, ఎముకలను. జుట్టు విషయంలో చూడాల్సింది నీటి గట్టితనం, అంటే నీళ్లలో కరిగిన లవణాలు. నురగ సరిగా రాదు, వెంట్రుక గరుకెక్కి విరుగుతుంది. రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న గింజలాంటిది ఉంటే కుదురు నుంచి రాలింది. రెండు కొసలా లేకపోతే విరిగింది. విరిగేదైతే చివరి రెండు చెంబులు క్యాన్ నీళ్లో వాన నీళ్లో పోసుకుని, కండిషనర్ వాడితే సరిపోతుంది. కుదురు నుంచి రాలుతున్నదైతే కారణం నీళ్లలో వెతకకండి.

రంగు వేసిన ఒకటి రెండు రోజులకు మంట, చెవుల వెనక నీటి పొక్కులు

హెయిర్ డైలోని పీపీడీ అనే రసాయనం పడలేదు. నల్ల మెహందీ అని అమ్మే పొడుల్లో కూడా చాలావాటిలో ఇదే ఉంటుంది కాబట్టి, "నేను వేసింది హెన్నానే" అన్నంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. వెంటనే బాగా కడిగి, ఆ రంగు మళ్లీ ముట్టుకోవద్దు. ఒకసారి పడకపోతే ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కళ్లు, మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

గుండ్రంగా ఒకచోట జుట్టు ఊడింది

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఊడిన చోట పొట్టు, విరిగిన వెంట్రుకల నల్ల చుక్కలు ఉంటే, పైగా చిన్నపిల్లలైతే, అది తామర. ఫంగస్ వెంట్రుక లోపలికి దిగుతుంది కాబట్టి పైపూత చాలదు, డాక్టరు రాసిన మాత్రలు కొన్ని వారాలు వేయాల్సిందే. మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ నాలుగు రోజులు దురద తగ్గించి, లోపల ఫంగస్‌ను పెంచుతుంది. మెత్తగా వాచి చీము కారుతున్నా గడ్డ అనుకుని కోయించకండి, అదీ తామరే కావచ్చు. పిల్లల దువ్వెన, టోపీ, తువ్వాలు వేరు చేయండి.

పొట్టు లేకుండా నున్నగా, నాణెమంత ఊడితే పేనుకొరుకుడు. పేరులో పేను ఉంది గానీ పేనుకు సంబంధం లేదు, ఒంటి రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. గురివింద గింజ అరగదీసి రాయడం, జిల్లేడు పాలు పూయడం ఇంకా చేస్తున్నారు. గురివింద విషం, జిల్లేడు పాలు చర్మాన్ని పుండు చేస్తాయి. చిన్న మచ్చలు చాలావరకు వాటంతట అవే నిండుతాయి, ఆ పేరు పసరుకు పోతుంది. నిండకపోతే చర్మ డాక్టరు మచ్చలోకి చిన్న ఇంజెక్షన్లు ఇస్తారు.

గుండు తర్వాత చీము పొక్కులు

తిరుమలలోనో పెంచలకోనలోనో గుండు చేయించాక వస్తే వెంట్రుక కుదుళ్లలో ఇన్ఫెక్షన్. కొత్త బ్లేడు అడిగి వేయించుకోవడం, గీకకుండా శుభ్రంగా ఉంచడం చాలాసార్లు సరిపోతుంది. వ్యాపిస్తున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

ఆగకూడనిది ఒకటుంది

ఊడిన చోట చర్మం మెరుస్తూ, వెంట్రుక రంధ్రాలే కనిపించకుండా ఉందా? అంచున ఒక్కో వెంట్రుక చుట్టూ ఎర్రటి వలయం, ముట్టుకుంటే నొప్పి, మంట? వాపు కుదురునే చంపి మచ్చగా మార్చే జబ్బులు ఉన్నాయి. అక్కడ పోయిన జుట్టు తిరిగి రాదు, మిగిలింది మాత్రమే కాపాడుకోగలం. ఇంటి వైద్యంతో ఒక్క నెల కూడా పోగొట్టుకోకండి. ఒంగోలు రిమ్స్‌లో గాని నెల్లూరు పెద్దాసుపత్రిలో గాని చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలంటే భయపడొద్దు, మందు తేలేది దానితోనే.

నెత్తి శుభ్రంగా ఉన్నా రాలుతుంటే

రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి గుర్తు చేసుకోండి: డెంగీ, కాన్పు, ఆపరేషన్, అన్నం మానేసి బరువు తగ్గడం. ఆ దెబ్బకు జుట్టు ఆలస్యంగా రాలుతుంది, సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. అదేదీ లేకుండా ఆడవాళ్లకు పాపిడి వెడల్పవుతున్నా, మగవాళ్లకు కణతల దగ్గర, నడినెత్తిన తగ్గుతున్నా అది వంశపారంపర్యం. దానికి నెత్తికి రాసే మినాక్సిడిల్ అనే మందు ఉంది, కానీ ఎర్రబడ్డ నెత్తి మీద మొదలుపెట్టకూడదు. మంట పెరుగుతుంది, మందులోని ద్రావకమే పొట్టు రేపుతుంది. ముందు షాంపూతో చర్మం నెమ్మదించాలి. మొదలుపెట్టాక తొలి వారాల్లో జుట్టు ఇంకా రాలవచ్చు. అప్పుడు ఆపేసేవాళ్లే ఎక్కువ, కనీసం నాలుగు నెలలు చూడాలి.

రక్తపరీక్షకు వెళ్తే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ అడగండి. బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటున్నట్లయితే ఆ సంగతి ల్యాబ్‌లోనూ డాక్టరుకూ ముందే చెప్పాలి. అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలవు.