కోసిన హైడ్రేంజియా పూటలోపే వాడిపోతోందా?

పొద్దున వాజ్‌లో పెట్టిన హైడ్రేంజియా పూలగుత్తి మధ్యాహ్నానికల్లా తల వాల్చేసిందా? వాజ్ నిండా నీళ్లున్నా అవి పువ్వుదాకా ఎక్కడం లేదన్నమాట. కోసినచోట జిగురు ఊరి కాడను మూసేస్తుంది. పారేయకండి, చాలావరకు తేరుకుంటుంది.

కాడ చివర ఒక అంగుళం ఏటవాలుగా కోసి, ఆ కోతను అప్పుడే మరిగించి దింపిన నీళ్లలో అర నిమిషం ముంచండి. ఆవిరి పూలకు తగలనివ్వకండి. తీసిన వెంటనే మామూలు నీళ్లలో పెట్టేయాలి. వేడినీళ్లంటే భయమైతే తడి కోతకు పటిక పొడి అద్దండి. అప్పటికీ లేవకపోతే గుత్తిని తలకిందులుగా చల్లటి నీళ్లలో పూర్తిగా ముంచి ముప్పావుగంట వదిలేయండి. మనం రేకులనుకునేవి నిజానికి రక్షకపత్రాలు, అవీ నీటిని పీల్చుకుంటాయి. వేలాడిన గుత్తి మళ్లీ బిగువుగా లేచినప్పుడు చూడాలి, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది!

ఇంత చేసినా లేవకపోతే పువ్వును లేతగా ఉన్నప్పుడే కోసి ఉంటారు. రంగు వచ్చింది కదా అని తొందరపడతాం, నా దృష్టిలో అసలు తప్పు అదే. తాకి చూడండి. మెత్తగా ఉంటే ఇంకొన్నాళ్లు ఆగండి. కాస్త మందంగా, కాగితంలా తగిలితే కోయొచ్చు. ఎండ ఎక్కకముందే, నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని కోయండి. ఆకులు దాదాపు అన్నీ తుంచేయండి, పువ్వుకు అందాల్సిన నీరు వాటి గుండానే ఆవిరైపోతుంది.

అసలు మొక్కే పూయట్లేదంటే ముందు కత్తిరింపును అనుమానించండి. హైడ్రేంజియాల్లో మాక్రోఫిల్లా అనే జాతి రకాలు ఎక్కువగా కిందటేడు పెరిగిన కొమ్మలకే పూస్తాయి. చలికాలం చివర్లో వాటిని నరికేస్తే మొగ్గలన్నీ పోతాయి, అందుకే పూత అయిపోగానే కత్తిరించాలి. పానిక్యులాటా అనే మరో జాతికి ఈ టెన్షన్ లేదు, కొత్త కొమ్మలకే పూస్తుంది. నత్రజని ఎరువు ఎక్కువైనా ఆకులే తప్ప పూలుండవు.

నీలం రకం గులాబీ రంగులోకి తిరిగితే నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) చూడండి. 5.5 లోపుంటే మొక్కకు నేలలోని అల్యూమినియం అందుతుంది, నీలం వస్తుంది, 6.5 దాటితే గులాబీయే. నీలం కావాలని వేసే అల్యూమినియం సల్ఫేట్‌ను ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులోనే వేయండి. తెల్లపూల రకాలకు ఇది పనిచేయదు.

మధ్యాహ్నం ఎండకు మొక్క ఆకులు వాలితే కంగారుపడి నీళ్లు పోయకండి. మట్టిలో వేలు పెట్టి చూడండి. తడి ఉంటే సాయంత్రానికి అవే లేస్తాయి. తడిమీద తడి పోస్తే వేర్లు కుళ్లుతాయి.